మేం నడిపేది బడి కాదండీ

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ బెంగళూరు పేజీలో మా గురించి వేసిన వార్త చూశాను. 'రేకుల షెడ్ల మధ్య చర్చి బడి' అని పెద్ద హెడ్డింగు, కింద పట్ట మీద కూర్చున్న పిల్లల ఫొటో, పక్కన చేతిలో సుద్దముక్కతో నేను. ఆ రోజు ఆరాధన అయ్యాక మా సంఘంలో అందరూ ఫోన్లలో అదే చూసుకున్నారు, పాస్టర్ గారు సంతోషించారు, గుత్తిలో మా వదిన అయితే ఆ పేజీ కత్తిరించి ఫ్రేము కట్టిస్తానంది. మెచ్చుకున్నందుకు థాంక్స్. కానీ మీ విలేకరి అబ్బాయి రాసినదాంట్లో ఒక మాట తప్పు, అది చిన్న తప్పు కాదు, అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను, మరీ కోసేయకుండా వేయండి.

మేం నడిపేది బడి కాదండీ. వారానికి నాలుగు రోజులు, సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా, ఒక టార్పాలిన్ కింద పిల్లల్ని కూర్చోబెట్టుకుంటాం, అంతే. బడి అంటే పేరెక్కించే రిజిస్టరు ఉండాలి, మధ్యాహ్నం అన్నం ఉండాలి, ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఉండాలి, ఐదు పాసైన పిల్లను ఆరుకు పంపే కాగితం ఇవ్వాలి. మా దగ్గర వీటిలో ఒక్కటీ లేదు. మీ వార్త పడ్డాక మంగళవారం ఒక తల్లి వచ్చి, "ఇదే బడంట గదక్కా, పేపర్లో గూడ ఏసినారంట, ఇంక ఆ గవర్మెంటు బడికి అంత దూరం యాల పంపల్ల?" అంది. ఆమెను ఆ మాట నుంచి మళ్లించేసరికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. ఇంకా పూర్తిగా మళ్లిందని కూడా నమ్మకం లేదు.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మా ఆయన గుత్తి లోకో షెడ్డు నుంచి కృష్ణరాజపురం లోకో షెడ్డుకు బదిలీ చేయించుకున్నప్పుడు ఇక్కడికొచ్చాం, ఇరవై రెండేళ్లయింది. కన్నడ నాకు ఎవరూ నేర్పలేదు, కూరగాయల బండి దగ్గర బేరమాడుతూ నేర్చుకున్నాను. తెలుగు సంఘంలో సండే స్కూల్ టీచర్ని. బీఈడీ లేదు.

కె.ఆర్.పురం నుంచి వైట్‌ఫీల్డ్ వైపు మెట్రో ఎక్కితే హూడి దాటాక అద్దాల బిల్డింగులు మొదలవుతాయి, కాస్త కిందికి చూస్తే వాటి సందుల్లో నీలం పట్టలు కప్పిన రేకుల షెడ్లు కనిపిస్తాయి. అక్కడ ఉండేవాళ్లలో చాలామంది మనవాళ్లే. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, ఆదోని వైపు వాళ్లు, నారాయణపేట, మక్తల్ నుంచి వచ్చినవాళ్లు, పక్క వరసలో రాయచూరు, యాదగిరి కన్నడిగులు. కర్నూలు పడమటి మండలాల్లో ఇలా రావడాన్ని సుగ్గికి పోవడం అంటారు. కన్నడంలో సుగ్గి అంటే కోతల కాలం, పంట ఇంటికొచ్చే పండగ. మన ఊళ్లలో అదే మాటకు, పంట లేక ఊరు వదలడం అని అర్థం వచ్చింది, చూడండి. దీపావళి దాటగానే కొందరు గుంటూరు వైపు మిరపకాయ కోతకు పోతారు, కొందరు ఇక్కడికి బేల్దారి పనికి వస్తారు, ఉగాదికి వెనక్కి. బడేమో జూన్ నుంచి ఏప్రిల్ దాకా. అంటే పాఠాలు ముదిరే నెలల్లోనే పిల్లలు ఊళ్లో ఉండరు. పిల్లల్ని ఊళ్లోనే ఉంచి చదివించడానికి అక్కడ సీజనల్ హాస్టళ్లు పెట్టారు, మంచి పనే, కానీ ఆరేళ్ల పిల్లను ఎవరు వదిలిపెట్టి వస్తారు? చంటిదాన్ని ఎత్తుకునే పెద్దపిల్లను అసలు ఎవరు వదులుతారు? కొన్ని కుటుంబాలైతే ఉగాదికి పోవడం కూడా మానేసి ఏడాదంతా ఇక్కడే ఉండిపోతున్నాయి.

మేం మొదలుపెట్టింది కూడా అందరిలాగే, క్రిస్మస్ సంచులతో. నాలుగేళ్ల కింద డిసెంబర్‌లో స్త్రీల సమాజం తరఫున చందాలు వేసుకుని అరవై స్కూల్ బ్యాగులు కొన్నాం, లోపల నోటుపుస్తకం, పెన్సిలు, బిస్కట్ ప్యాకెట్టు. పంచాం, పాటలు పాడాం, ఫొటోలు దిగాం. జనవరిలో ఒక బిడ్డకు జ్వరమని తెలిసి మళ్లీ వెళితే, ఒక షెడ్డులో మా బ్యాగు మేకుకు వేలాడుతోంది, నిండా ఉల్లిగడ్డలు. నాకు కోపం వచ్చింది, దాచుకోను, అడిగేశాను కూడా. ఆ ఇల్లాలు నవ్వి, "బడే ల్యాకపాయ, సంచి ఏం జేసుకోవల్లక్కా, ఎలుకలు కొట్టకుండ ఉంటాయని ఏసినా" అంది. అప్పుడు లెక్క తీశాం. ఆ అరవై మందిలో బడికి పోతున్నవాళ్లు ఏడుగురు.

ఆ తర్వాత ఏడాది మేం ఇంకో తప్పు చేశాం. సాయంత్రం క్లాసులు పెట్టి, ఇదే చదువు అనుకున్నాం. ఐటీలో పనిచేసే మా యౌవనస్తులు ఉత్సాహంగా వచ్చి ఇంగ్లిష్ రైమ్స్ నేర్పారు, పిల్లలు చేతులు తిప్పుతూ బ్రహ్మాండంగా పాడేవాళ్లు, ఒక్కరికీ వాళ్ల పేరు రాయడం రాదు. ఒక అబ్బాయి మంచి మనసుతో ముగ్గురు పిల్లల్ని దగ్గర్లోని ప్రైవేటు ఇంగ్లిష్ మీడియంలో చేర్చి ఫీజు తనే కట్టాడు. స్లాబు పని అయిపోయి మేస్త్రీ ఆ కుటుంబాల్ని వేరే సైటుకు మార్చేశాడు, ఫీజు పోయింది, పిల్లలూ పోయారు. విద్యాహక్కు కింద ప్రైవేటు బడుల్లో ఇరవై ఐదు శాతం ఉచిత సీట్లు ఉంటాయి కదా అంటారు మీ పాఠకులు. కర్ణాటకలో ఆ రూల్స్ మార్చేశారు, దగ్గర్లో ప్రభుత్వ బడి గానీ ఎయిడెడ్ బడి గానీ ఉంటే ప్రైవేటులో ఆ సీటు రాదు, 2019 నుంచి ఇదే పద్ధతి. కాబట్టి ఈ పిల్లలకు దారి ఒక్కటే, కిలోమీటరు దూరంలో ఉన్న సర్కారు బడి. అక్కడ పుస్తకాలు, అన్నం, పాలు అన్నీ ఉన్నాయి, ఒకటి నుంచి మూడు దాకా నలి-కలి పద్ధతిలో ఆటపాటలతో చెప్తారు, టీచర్లు మేం అనుకున్నదానికంటే చాలా నయం. ఉన్న బడికి మన పిల్లలు పోవట్లేదు, సమస్య అది. దానికి సాయంత్రం రైమ్స్ ఏం చేస్తాయి?

మొదటిసారి ఇద్దరు పిల్లల్ని తీసుకుని ఆ బడికి పోయినప్పుడు హెచ్‌ఎం మేడమ్ టీసీ అడిగింది, ఆధార్ అడిగింది, కుల సర్టిఫికెట్ అడిగింది, చివరికి జూన్‌లో రండి అంది. మేం తలూపి వచ్చేశాం. వచ్చాక మా సంఘంలోని ఒక లాయరు తమ్ముడు నన్ను తిట్టాడు, అక్కా, నువ్వు తలూపడం ఏంటి అని. అప్పుడు చదివాను చట్టం, యాభై ఏళ్ల వయసులో. 2009లో చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఐదో సెక్షన్లో ఏముందంటే, పిల్ల ఏ కారణంతోనైనా ఒక బడి నుంచి ఇంకో బడికి, రాష్ట్రం లోపలైనా బయటికైనా, మారవచ్చు, టీసీ రావడం ఆలస్యమైందని చేర్చుకోకుండా ఆపకూడదు. నాలుగో సెక్షన్ ప్రకారం పదేళ్ల పిల్ల అసలు బడి మొహం చూడకపోయినా ఆమె వయసుకు తగ్గ తరగతిలోనే కూర్చోబెట్టి, వెనకబడింది అందుకోవడానికి వేరే శిక్షణ ఇవ్వాలి. వయసు రుజువు లేదని పంపేయకూడదని పద్నాలుగో సెక్షన్. గడువు దాటిపోయిందని, ఏడాది మధ్యలో వచ్చారని తిప్పి పంపకూడదని పదిహేనో సెక్షన్. ఆధార్ సంగతి 2018 సెప్టెంబర్‌లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది, బడిలో చేరడానికి అది తప్పనిసరి కాదని. ఈ కాగితాల జిరాక్సు, కన్నడలో ఒకటి ఇంగ్లిష్‌లో ఒకటి, ఇప్పుడు నా హ్యాండ్‌బ్యాగులో గొడుగు పక్కనే ఉంటుంది.

రెండోసారి పోయినప్పుడు ఆ జిరాక్సు బల్ల మీద పెట్టాను. హెచ్‌ఎం మేడమ్ చదివింది, కోప్పడలేదు, నా వైపు కంప్యూటర్ తిప్పి చూపించింది. "నాను ఏన్ మాడ్లి అమ్మా, సిస్టమ్ తగొళ్లల్ల" అంది, అంటే నేనేం చేయనమ్మా, సిస్టమ్ తీసుకోవట్లేదు అని. నిజమే, తీసుకోవట్లేదు. ఎందుకంటే ఆ పిల్ల పేరు మన వైపు ఊరి బడి రిజిస్టర్లో ఇంకా బతికే ఉంది. ఇప్పుడు దేశంలో ప్రతి విద్యార్థికీ యూడైస్‌లో, అంటే దేశంలోని బడుల లెక్కలన్నీ ఉండే సర్కారు కంప్యూటర్ రికార్డులో, ఒక శాశ్వత నంబరు ఉంటుంది, పెన్ నంబర్ అంటారు, పాత బడి వాళ్లు వదిలితే తప్ప కొత్త బడి వాళ్లు ఎక్కించుకోలేరు. ఊరి బడికి ఫోన్ చేశాను. అక్కడి మాస్టారు మంచివాడు, కానీ ఆయన చెప్పింది వినండి. "పేరు తీసేస్తే ఆ తల్లికి పథకం డబ్బులు పోతాయి మేడమ్. మా బడిలో సంఖ్య తగ్గితే పోస్టు పోతుంది. ఎలాగూ ఉగాదికి వస్తారు కదా." ముందు అమ్మ ఒడి, ఇప్పుడు తల్లికి వందనం, పేరేదైనా బడికి పంపే తల్లికి ఏడాదికి 15 వేలు అన్న పథకం, అందులో 2 వేలు బడి నిర్వహణకు పోగా 13 వేలు తల్లి ఖాతాలో పడతాయి. దానికి హాజరు డెబ్బై ఐదు శాతం ఉండాలి. పిల్ల ఇక్కడ సిమెంటు బస్తాల మధ్య ఆడుకుంటుంటే అక్కడ హాజరు ఎలా పడుతుందో నేను అడగలేదు, మీరూ అడగకండి, ఆ తల్లికి 13 వేలంటే ఎంతో నాకు తెలుసు. చేస్తున్నవాళ్లెవరూ దొంగలు కారు. కానీ మధ్యలో పిల్ల ఎక్కడుంది? పేరు ఒక రాష్ట్రంలో, మనిషి ఇంకో రాష్ట్రంలో. లెక్కల్లో మాత్రం బడి బయట ఉన్న పిల్ల కాదు, ఎందుకంటే పేరు బడిలోనే ఉందిగా!

ఆ మేడమ్ చివరికి ఏం చేసిందంటే, కంప్యూటర్ సంగతి తర్వాత చూద్దాం, ముందు తరగతిలో కూర్చోనివ్వండి అంది. అలా ఇద్దరు కూర్చున్నారు. నెల తర్వాత పదకొండు మంది. కాగితాలు నడుస్తూ ఉన్నాయి, క్లస్టర్ ఆఫీసుకు నేను ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు, కొన్ని తేలాయి, కొన్ని తేలలేదు. మీ వార్తలో ఈ ముక్క ఒక్క లైనైనా లేదు.

ఇక భాష. మనవాళ్ల పిల్లలకు కన్నడ రాదు, వీళ్లకు తెలుగు బడి కావాలి అని మా సంఘంలోనే ఒక పెద్దాయన వాదించాడు. భాషాభిమానం నాకూ ఉంది, కానీ ఈ పిల్లలు నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్నది కన్నడ బడి, పైగా ఈ రాష్ట్రంలో ఏ బడికి పోయినా కన్నడ నేర్చుకోక తప్పదు, 2015లో చట్టమే చేశారు. అందుకని మా సాయంత్రం క్లాసును పూర్తిగా మార్చేశాం. ఇప్పుడు అక్కడ మేం చేసే ముఖ్యమైన పని తెలుగు మీదుగా కన్నడలోకి దాటించడం. ఇది చాలా సరదాగా ఉంటుంది. లిపి రెండూ ఒకే తల్లి పిల్లలు, తలకట్టు టిక్కులా కాకుండా అడ్డగీతలా వేస్తే సగం అక్షరాలు అయిపోయినట్టే, క, త, శ దగ్గర మాత్రం కాస్త తడబడతారు. మాటలకు ఒక చిట్కా పెట్టాం, తెలుగులో ప ఉన్నచోట కన్నడలో హ పెట్టి చూడమని. పాలు హాలు, పులి హులి, పాము హావు, పంది హంది, పండు హణ్ణు, పేను హేను. పేను దగ్గర పిల్లలు ఎంత నవ్వుతారో! అన్నిసార్లూ పనిచేయదు లెండి. ఒక బుడ్డోడు తరగతిలో పిల్లిని చూపించి 'హిల్లి' అన్నాడట, కన్నడంలో పిల్లి బెక్కు, టీచరు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని నాకు ఫోన్ చేసి చెప్పింది. ఆ టీచరుతో నాకు స్నేహం కుదిరింది కూడా ఆ హిల్లి వల్లే. అయినా తెలుగు వదిలేయలేదు, శనివారం ఒక గంట తెలుగే, ఉగాదికి ఊరెళ్లినప్పుడు అవ్వకు బస్సు బోర్డు చదివి చెప్పాలి కదా.

బడికి పంపలేని ఇంకో కారణం ఉంది, అది ఏ ఫారంలోనూ రాయరు. తొమ్మిది పదేళ్ల ఆడపిల్ల చంకలో ఏడాది బిడ్డ. అమ్మానాన్న ఇద్దరూ పనికి పోతే ఆ పిల్లే శిశుకేంద్రం. 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టంలోనే రాశారు, యాభై మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట ఆరేళ్ల లోపు పిల్లలకు గది ఏర్పాటు చేయాలని. సైటు మొత్తం చూస్తే అంతకంటే ఎక్కువ మందే ఉంటారు. కానీ పని ముక్కలు ముక్కలుగా సబ్‌కాంట్రాక్టులకు ఇస్తారు, సెంట్రింగ్ వాళ్లది ఒక గుంపు, ప్లాస్టరింగ్ వాళ్లది ఒక గుంపు, ఏ గుంపు లెక్క తీసినా యాభై దాటదు. చిన్నబిడ్డను అంగన్‌వాడిలో కూర్చోబెట్టగలిగితే పెద్దపిల్ల బడికి పోతుంది, ఇది మాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది. ఇప్పుడు మేం ముందు అడిగేది చిన్నబిడ్డ గురించే. అంగన్‌వాడి మధ్యాహ్నానికే అయిపోతే ఆ తర్వాత బిడ్డను ఎవరు చూడాలన్నది ఇప్పటికీ తెగలేదు. ఇద్దరు తల్లులు వంతులు వేసుకుని పని మానుకుంటున్నారు, ఆ రోజు కూలి పోతుంది, అదీ సంగతి.

మీ ఫొటోలో లేని ఒక మనిషి గురించి చెప్పాలి. ఐటీఐ ఫ్యాక్టరీలో, అదే టెలిఫోన్ల ఫ్యాక్టరీలో, పనిచేసి రిటైరైన పెద్దాయన మా సంఘంలో ఉన్నారు. చదువు చెప్పడం నాకు రాదమ్మా, ఏదైనా వేరే పని చెప్పు అన్నారు. షెడ్లకూ బడికీ మధ్య పెద్ద రోడ్డు, టిప్పర్లు, ట్యాంకర్లు, ఆఫీసు బస్సులు. బడికి పంపకపోవడానికి తల్లులు చెప్పే మొదటి కారణం టీసీ కాదు, ఆధార్ కాదు, ఆ రోడ్డు. ఆయన రోజూ తొమ్మిదిన్నరకు నల్ల గొడుగు పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడతారు, పిల్లలు దాటుతారు, సాయంత్రం నాలుగుకు మళ్లీ. వాన వచ్చినా రావాల్సిందే, గొడుగు అప్పుడు తెరుస్తారు, మిగతా రోజులు మూసిన గొడుగుతోనే టిప్పర్లను ఆపుతారు. రెండేళ్లలో ఆయన రాని రోజులు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు, ఆ రోజుల్లో హాజరు ఎలా పడిపోయిందో బడి రిజిస్టర్లో మీరే చూసుకోవచ్చు. మా అందరి పాఠాలూ ఒక పక్క, ఆయన గొడుగు ఒక పక్క.

మతం విషయం కూడా రాస్తాను, దాటేస్తే అనుమానం. ఒక సాయంత్రం నలుగురు కుర్రాళ్లు బైకుల మీద వచ్చి ఇక్కడేం చెప్తున్నారు అని అడిగారు. 2022లో కర్ణాటకలో మతమార్పిడి నిరోధక చట్టం వచ్చినప్పటి నుంచి ఈ ప్రశ్న మాకు కొత్త కాదు. అడగడంలో తప్పు లేదని కూడా నా అభిప్రాయం, పరాయి పిల్లల్ని కూర్చోబెట్టుకున్నప్పుడు ఎవరైనా అడగచ్చు. నోటుపుస్తకాలు తెరిచి చూపించాను, పాలు హాలు, పులి హులి. చూసి వెళ్లిపోయారు. నిజానికి ఆ కుర్రాళ్ల కంటే నాకు ఎక్కువ గొడవ మా సంఘం కమిటీలో జరిగింది. క్లాసు ముందు ఒక ప్రార్థన, ఒక పాట ఎందుకు ఉండకూడదు, కానుకల డబ్బు పెడుతున్నాం కదా, పుస్తకాల మీద సంఘం ముద్రైనా వేద్దాం అన్నారు. నేను వద్దన్నాను. ఆ షెడ్లలో కొందరు మన విశ్వాసులే, చాలామంది కారు, గోడకు ఉరుకుంద ఈరన్న పటం, మంత్రాలయం రాఘవేంద్రస్వామి పటం ఉంటాయి. బడిలో సీటు కోసం మా వెంట వచ్చే తల్లి 'వద్దు' అనలేని స్థితిలో ఉంటుంది, ఆ స్థితిలో ఉన్నవాళ్ల ముందు ప్రార్థన పెట్టడం నాకు న్యాయంగా అనిపించలేదు. మా విశ్వాసం మాకు సిగ్గు కాదు, ఎవరైనా అడిగితే చర్చి నుంచి వచ్చామనే చెప్తాం. ముద్ర మాత్రం వేయం. ఓటింగులో రెండు ఓట్ల తేడాతో గెలిచాను, ఓడినవాళ్లలో ఒకాయన ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడడు.

ఆ కమిటీలో నేను చెప్పిన కథ మీకు కూడా చెప్తాను, ఎందుకంటే అందులో ఒక పత్రిక సంపాదకుడు ఉన్నాడు. సండే స్కూల్ అంటే ఇప్పుడు మనకు బైబిల్ కథలు, కంఠత వాక్యాలు. మొదట్లో అలా కాదు. 1780 ప్రాంతంలో ఇంగ్లండులో గ్లాస్టర్ అనే ఊళ్లో రాబర్ట్ రైక్స్ అనే ఆయన మీలాగే పత్రిక నడిపేవాడు. వారంలో ఆరు రోజులు పనికి పోయే పిల్లలకు ఆదివారం ఒక్కటే ఖాళీ కాబట్టి ఆ రోజు చదవడం నేర్పించే బడి పెట్టించాడు, దాని గురించి తన పత్రికలో వేశాడు, అది దేశమంతా పాకింది. చదివించే పుస్తకం బైబిలే, అది వేరే సంగతి, కానీ నేర్పింది ముందు అక్షరాలు. 1870లో అక్కడ ప్రాథమిక విద్య చట్టం వచ్చి సర్కారు బడులు లేచాక, అక్షరాల పని బడికి అప్పగించేసి సండే స్కూల్ తన పని తాను చూసుకుంది. మన దగ్గర చట్టం ఉంది, బడి ఉంది, అన్నం కూడా ఉంది. ఇన్ని ఉండగా మేం షెడ్ల మధ్య ఇంకో బడి పెట్టి అదే చదువనిపిస్తే, తొంభై ఏళ్లు వాళ్లు నడిచిన దారిలో మేం వెనక్కి నడిచినట్టు.

ఇక ఆ ఫొటో. మీరు మంచి ఉద్దేశంతోనే వేశారు, కాదనను. కానీ పిల్లల మొహాలు స్పష్టంగా ఉన్నాయి, వెనక షెడ్లూ, నీళ్ల ట్యాంకరూ, బిల్డింగు బోర్డులో సగం కూడా పడింది. బుధవారం సైటు సూపర్‌వైజర్ వచ్చి పేపర్లో మా సైటు ఎందుకు వచ్చింది, పట్ట తీసేయండి అన్నాడు. ఇప్పుడు రెండు వందల అడుగుల అవతల ఒక చింతచెట్టు కింద కూర్చుంటున్నాం, అక్కడ దీపం లేదు, ఫోన్ టార్చీలతో నడుపుతున్నాం. ఫొటో తీసే ముందు మీ అబ్బాయి నన్ను అడిగాడు, నేను సరే అన్నాను, తప్పు నాది కూడా. తల్లుల్ని అడగాల్సింది. ఈసారి వేస్తే మా పెద్దాయన గొడుగు ఫొటో వేయండి, ఆయనకు అభ్యంతరం లేదట, పైగా ఇస్త్రీ చొక్కా వేసుకొస్తానన్నారు.

మీ వార్త చూసి నాకు ఇప్పటికి ముప్పైకి పైగా ఫోన్లు వచ్చాయి, మారతహళ్లి, బెళ్లందూరు, సర్జాపుర రోడ్డు నుంచి, అందరూ మన తెలుగువాళ్లే. మేం వచ్చి ఒక ఆదివారం పిల్లలకు కేక్ కట్ చేయించచ్చా, పాత బట్టలు ఇవ్వచ్చా, పిల్ల బర్త్‌డే మీ దగ్గర చేయచ్చా అని. కోప్పడను, పది మందిలో ఒకరు ఆ తర్వాత నిలబడతారు, మా దగ్గర స్థిరంగా ఉన్న ఇద్దరు ఐటీ అమ్మాయిలు అలా కేకుతో వచ్చినవాళ్లే. కానీ అందరికీ ఒకటే చెప్తున్నాను, ఆదివారం వద్దు, ఒక పనిరోజు పొద్దున సెలవు పెట్టి రండి. ఒక తల్లితో కలిసి బడికి నడవండి. ఆమెకు ఒక రోజు కూలి పోకుండా ఉండాలంటే తొమ్మిదింటికే హెచ్‌ఎం ఆఫీసు ముందు ఉండాలి, కన్నడ మాట్లాడాలి, జిరాక్సు చూపించాలి, జూన్‌లో రండి అంటే తలూపకుండా, పోనీ ఈ రోజు తరగతిలో కూర్చోనివ్వండి అని మర్యాదగా అడగాలి. బ్యాడ్జీ పెట్టుకుని ఇంగ్లిష్ మాట్లాడే మనిషి పక్కనుంటే ఆఫీసుల్లో కుర్చీ వేస్తారు, ఆ తల్లి ఒక్కతే పోతే వేయరు. ఇది బాధగా ఉన్నా నిజం, మరి ఆ కుర్చీనే వాడుకుందాం. ఈ ఊళ్లో తెలుగు సంఘాలు ఎన్ని ఉన్నాయో నాకే లెక్క తెలియదు, ఒక్కో సంఘం ఒక్కో షెడ్ల గుంపును దత్తత తీసుకుంటామంటున్నాయి, షెడ్లను కాదు, ఆ పక్కనున్న సర్కారు బడిని పట్టుకోండి. షెడ్లు ఏడాదికి లేచిపోతాయి, బడి అక్కడే ఉంటుంది, ఈ కుటుంబం పోతే ఇంకో కుటుంబం వస్తుంది.

మీ పత్రికకు ఒక పని చెప్పచ్చా? మీకు కర్నూలు, మహబూబ్‌నగర్ ఎడిషన్లు కూడా ఉన్నాయి. ప్రతి ఏడాదీ దసరాకూ దీపావళికీ మధ్య, కుటుంబాలు మూట కట్టుకునే ముందు, ఆ పేజీల్లో ఒక చిన్న బాక్సు వేయండి, ఊరు వదిలే ముందు పిల్ల బడికి పోయి పెన్ నంబరు రాయించుకోండి, ఏ తరగతిలో ఉందో ఒక కాగితం మీద రాయించుకుని హెడ్మాస్టర్ సంతకం పెట్టించుకోండి అని. ఫొటో అక్కర్లేదు. ఆంధ్ర, తెలంగాణ విద్యాశాఖలను అడగాల్సింది కూడా ఇదే: సుగ్గికి పోయే పిల్ల పేరును ఆరు నెలలకు ఇక్కడి బడికి ఇచ్చి, ఇక్కడ పడిన హాజరును అక్కడి పథకానికి లెక్క కట్టే పద్ధతి. అలా చేస్తే తల్లికి డబ్బు పోదు, మాస్టారికి పోస్టు పోదు, పిల్ల తరగతిలో ఉంటుంది. రెండు రాష్ట్రాల కంప్యూటర్లు మాట్లాడుకోవాలి, అంతే కదా, మన రైలు టికెట్టుకు మాట్లాడుకుంటున్నాయిగా.

దీపావళి తర్వాత కొత్తగా ఆరు కుటుంబాలు దిగాయి, కోసిగి వైపు వాళ్లే, పిల్లలు తొమ్మిది మంది. వాళ్లలో ఒకడి దగ్గర మాత్రం ఊరి మాస్టారు రాసిచ్చిన కాగితం ఉంది, నాలుగో తరగతి, రెండంకెల కూడికలు వచ్చు, తెలుగు చదువుతాడు అని. ప్లాస్టిక్ కవర్లో మడిచి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చూపిస్తున్నాడు. వచ్చే సోమవారం తొమ్మిదింటికి ఆ తొమ్మిది మందితో బడికి పోతున్నాం. మీ విలేకరి అబ్బాయి రావాలంటే రావచ్చు, కెమెరా ఇంట్లో పెట్టి రమ్మనండి. కన్నడ వస్తే ఇంకా మంచిది, నాకు ఆ రోజు గొంతు బాగుండకపోవచ్చు.

ఇట్లు,
ఒక సండే స్కూల్ టీచర్,
కృష్ణరాజపురం, బెంగళూరు